ఖాజీ గారి మాట, కువైట్ బావ, ఒక పెద్ద ప్రశ్న

ప్రశ్న: అక్కా, సలాం. నా పేరు వేయకండి. మాది రాయచోటి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా ఆపాకు పెళ్ళయి ఏడేళ్ళు, ఐదేళ్ళ పాప ఉంది. బావ కువైట్ వెళ్ళి నాలుగేళ్ళయింది. మొదటి ఏడాది డబ్బు పంపాడు. మూడేళ్ళుగా ఒక్క రూపాయి లేదు, ఫోన్ ఎత్తడు. అక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాడని వింటున్నాం. తలాక్ ఇవ్వమని వాళ్ళ అన్నతో అడిగిస్తే ఇవ్వనన్నాడు. ఖాజీ గారేమో "భర్త ఒప్పుకోకుండా ఖులా, అంటే భార్య కోరే విడాకులు, కుదరదు, షరియత్ అంతే" అన్నారు. "దీన్ (మన మతం) పరిపూర్ణమైంది, మార్చడానికి మనమెవరం" అని మా అబ్బా మాట. ఒకరోజు లంచ్‌లో ఈ గోడు ఆఫీసు ఫ్రెండ్‌కు చెప్పుకుంటే, "మీ మతంలో సంస్కరణ జరగదు రా. క్రైస్తవుల్లో లూథర్ వచ్చాడు, మాలో వీరేశలింగం వచ్చాడు. మీకు ఎవరూ రారు, వచ్చినా బతకనివ్వరు" అన్నాడు. నాకు కోపం వచ్చింది, జవాబు రాలేదు. ఇస్లాంలో సంస్కరణ సాధ్యమా, కాదా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జవాబు: తమ్ముడూ, వాలేకుం సలాం. ముందు ఆ ఫ్రెండ్ మీద కోపం తగ్గించుకోండి. అతను అన్నదాంట్లో కొంత నిజం ఉంది, అది ఒప్పుకుంటేనే మిగతాది మాట్లాడుకోగలం.

"వచ్చినా బతకనివ్వరు" అన్నాడు కదా. సూడాన్‌లో మహమూద్ మహమ్మద్ తాహా అనే ఆయన ఉండేవాడు. మక్కాలో దిగిన ఖురాన్ ఆయతుల్లోని (వాక్యాల్లోని) సమానత్వం అన్ని కాలాలకూ వర్తిస్తుంది, మదీనాలో దిగిన చట్టాల ఆయతులు ఆనాటి సమాజం కోసం వచ్చాయి అని బోధించాడు. డెబ్భై దాటిన ఆ మనిషిని మతభ్రష్టుడని 1985 జనవరి 18న ఖార్టూంలో ఉరి తీశారు. తీయించిన అధ్యక్షుడు నిమేరీ మూడు నెలలు తిరక్కుండానే పదవి పోగొట్టుకున్నాడు, అది వేరే కథ. ఈజిప్టులో నస్ర్ అబూ జైద్ అనే ప్రొఫెసర్ ఖురాన్‌ను చరిత్రలో పెట్టి చదవాలని రాసినందుకు 1995లో కోర్టు అతన్ని మతభ్రష్టుడిగా తేల్చింది. మతభ్రష్టుడికి ముస్లిం భార్య ఉండకూడదంటూ వాళ్ళ పెళ్ళినే రద్దు చేసింది. ఆ భార్య మాత్రం అతని వెంటే నెదర్లాండ్స్ వెళ్ళిపోయింది. ఇవి మనం దాచుకోవాల్సిన సంగతులు కావు.

కానీ లూథర్ దగ్గర మీ ఫ్రెండ్ లెక్క తప్పింది. లూథర్ అంటే మనవాళ్ళకు ఏదో ఉదారవాది అనే ఊహ ఉంది. ఆయన 1517లో మొదలుపెట్టింది "మధ్యవర్తులు వద్దు, గ్రంథానికి తిరిగి వెళ్దాం" అని. దాని వెనక చర్చిల్లో విగ్రహాలు పగలగొట్టడం వచ్చింది, ఒక శతాబ్దం తర్వాత ముప్ఫై ఏళ్ళ యుద్ధం వచ్చింది. ఈ కొలత ప్రకారం చూస్తే మనకు లూథర్ ఎప్పుడో వచ్చేశాడు. అరేబియాలో మహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్ సమాధుల మొక్కులు వద్దు, గ్రంథానికి తిరిగి వెళ్దాం అన్నాడు. 1744లో సౌద్ వంశంతో చేతులు కలిపాడు. ఆయన కూడా తన పనిని సంస్కరణ అనే అనుకున్నాడు.

అంతదూరం ఎందుకు, మా నాయనమ్మ మొహర్రానికి పీర్ల ముందు అగ్గిగుండం చుట్టూ తిరిగేది. ఊళ్ళో రెడ్ల ఇళ్ళ నుంచి, మాలపల్లె నుంచి పీర్లకు చక్కెర చదివింపులు వచ్చేవి. తర్వాత జమాత్ వాళ్ళు వచ్చి ఇది షిర్క్, అంటే అల్లాహ్‌కు సాటి కల్పించే పాపం, అని చెప్పారు. మా ఇంట్లో ఆగిపోయింది. దాన్ని తెచ్చిన మౌల్వీ గారు మంచి మనిషి, తాగుబోతులైన ఇద్దరు మా చిన్నాన్నల చేత తాగుడు మాన్పించాడు కూడా. అది మంచో చెడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. సంస్కరణ అనేది మనం కోరుకున్న వైపే నడుస్తుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. అందుకే "సంస్కరణ సాధ్యమా" అని అడిగినవాళ్ళను నేను "ఏది మారాలి, ఎవరి కోసం మారాలి" అని తిరిగి అడుగుతాను.

ఇక మీ అబ్బా మాట. దీన్ పరిపూర్ణమైందన్నది ఖురాన్ ఐదో సూరాలో ఉన్న మాటే, దాంతో వాదన పెట్టుకోకండి. కానీ దీన్ వేరు, ఫిఖ్హ్ వేరు. దీన్ అల్లాహ్‌ది, ఫిఖ్హ్ దాన్ని అర్థం చేసుకోవడానికి మనుషులు పడిన కష్టం. ఖాజీ గారు "షరియత్" అన్నది నిజానికి ఫిఖ్హ్, అందులోనూ హనఫీ ఫిఖ్హ్, ఇమాం అబూ హనీఫా పేరున నడిచే పద్ధతి. ఆ ఇమాం అబూ హనీఫా సొంత శిష్యులే, అబూ యూసుఫ్, మహమ్మద్ షైబానీ, ఎన్నో విషయాల్లో గురువుతో విభేదించారు. ఇంకో పద్ధతికి మూలమైన ఇమాం షాఫియీ ఇరాక్‌లో ఉన్నప్పుడు చెప్పిన తీర్పులు కొన్నింటిని ఈజిప్టు వెళ్ళాక తానే మార్చుకున్నారు. ఊరు మారితే ఇమాం అభిప్రాయం మారింది, దీన్ మారలేదు. ఖలీఫా ఉమర్ కరువు ఏడాదిలో దొంగతనానికి చేయి నరికే శిక్ష ఆపేశారు. దాన్ని ఎవరూ దీన్‌ను మార్చడం అనలేదు.

అయినా అబ్బా ఒప్పుకోకపోతే ఒక్కటి అడిగి చూడండి. బానిసల గురించి ఫిఖ్హ్ పుస్తకాల్లో అధ్యాయాలకు అధ్యాయాలున్నాయి. ట్యునీసియా పాలకుడు అహ్మద్ బే 1846లో ముఫ్తీల సమ్మతితో బానిసత్వం రద్దు చేశాడు, ఫ్రాన్స్ తన వలసల్లో రద్దు చేయడానికి రెండేళ్ళ ముందు. సౌదీ 1962లో చేసింది, మారిటానియా మరీ ఆలస్యంగా 1981లో. ఇప్పుడు మన రాయచోటిలో ఏ ముల్లా అయినా బానిసలు కావాలంటాడా? ఆ అధ్యాయాలు పుస్తకాల్లోనే ఉన్నాయి, జీవితంలోంచి వెళ్ళిపోయాయి. పేరు పెట్టకుండా జరిగిన సంస్కరణ అది. మసీదు మైకు సంగతి కూడా అంతే. లౌడ్‌స్పీకర్‌లో నమాజు చేయించవచ్చా అని ఒకప్పుడు ఉలమాలు ఫత్వాల మీద ఫత్వాలు రాసుకున్నారు. ఇప్పుడు మైకు పాడైతే ముందు అడిగేది ఇమాం గారే.

మీ ఆపాకు దగ్గరగా ఉన్న కథ ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైన కథ. నూరేళ్ళ కిందటి పంజాబ్‌ది.

హనఫీ ఫిఖ్హ్‌లో భార్యకు విడాకుల దారి బాగా ఇరుకు. మొగుడు మాయమైతే, అతని ఈడు వాళ్ళంతా పోయేంత కాలం ఎదురు చూడాలన్నారు. అతనికి తొంభై ఏళ్ళు నిండేదాకా అని కొందరు లెక్క చెప్పారు. పాతికేళ్ళ ఆడమనిషికి ఆ లెక్క వినిపిస్తే ఏం చేస్తుంది? పంజాబ్ ఆడవాళ్ళు ఒక దారి కనిపెట్టారు. కోర్టుకు వెళ్ళి "నేను ఇస్లాం వదిలేశాను" అని చెప్పేవారు. మతం వదిలితే పెళ్ళి దానంతటదే తెగిపోతుందని అదే ఫిఖ్హ్ చెబుతుంది కదా, బ్రిటిష్ కోర్టులు సరే అనేవి. అల్లాహ్ మీద నమ్మకం పోక కాదు, మొగుడి నుంచి బయటపడటానికి మతం వదిలారు. ఇక్బాల్ దీన్ని చూసి, ప్రచారం చేసుకునే మతానికి ఇంతకంటే విరుద్ధమైన సంగతి ఇంకేముంటుందని బాధపడ్డాడు. 1929 జనవరిలో మద్రాసులోనూ హైదరాబాద్‌లోనూ ఇచ్చిన ఉపన్యాసాలతో ఆయన వేసిన పుస్తకంలో ఆ మాట ఉంది. ఇజ్తిహాద్, అంటే కొత్త పరిస్థితికి కొత్తగా ఆలోచించి తీర్పు చెప్పుకోవడం, ఇస్లాంలో కదలిక సూత్రం అన్నాడు.

ఇక్బాల్ కవి, అన్నాడంటే అన్నాడు. అసలు విశేషం మౌలానా అష్రఫ్ అలీ థానవీ. మీ అమ్మీకి పెళ్ళిలో బెహిష్తీ జేవర్ పుస్తకం ఇచ్చి ఉంటే, అది రాసింది ఈయనే. ఆడవాళ్ళు గడప దాటడం ఇష్టపడని సంప్రదాయవాది, ఆధునికత అంటే గిట్టని దేవ్‌బందీ. అలాంటి మనిషి ఈ ఆడవాళ్ళ కష్టం చూసి మదీనాలోని మాలికీ (ఇంకో ఫిఖ్హ్ పద్ధతి) ముఫ్తీలకు ఉత్తరాలు రాశాడు. మాలికీ పద్ధతిలో మొగుడు మాయమైతే నాలుగేళ్ళు చాలు. పోషించకపోయినా, హింసించినా ఖాజీ పెళ్ళిని రద్దు చేయవచ్చు. అవసరం వచ్చింది కాబట్టి హనఫీలు ఈ విషయాల్లో మాలికీ దారి పట్టవచ్చని 1930ల తొలినాళ్ళలో పుస్తకం రాసి, తోటి ఉలమాల సమ్మతి తీసుకున్నాడు. ఉలమాల సంఘం జమియతుల్ ఉలమా వెనక నిలిచింది. ఖాజీ మహమ్మద్ అహ్మద్ కాజ్మీ 1936లో కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టాడు. 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. ముస్లిం జడ్జీలే ఈ కేసులు విచారించాలన్న షరతును ప్రభుత్వం తీసేసినందుకు ఉలమాలు అలిగారు, కానీ చట్టం నిలిచింది.

ఇల్లు మన ఇల్లే, తలుపు ఆ ఇంట్లోనే ఉంది, కాకపోతే ఎన్నో ఏళ్ళుగా బీరువా అడ్డం పెట్టి ఉంచారు. థానవీ ఆ బీరువా జరిపాడు. జరిపేలా చేసింది మాత్రం పేర్లు కూడా తెలియని ఆ పంజాబ్ ఆడవాళ్ళు. మీ ఫ్రెండ్‌కు ఇది చెప్పండి. వీరేశలింగం 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించే నాటికి, దానికి శాస్త్రం ఒప్పుతుందని విద్యాసాగర్ పరాశర స్మృతి తిరగేసి చూపించి పాతికేళ్ళు దాటింది. అక్కడా తలుపు ఇంట్లోనే దొరికింది. వెలివేతలూ తిట్లూ అక్కడా తప్పలేదు.

ఖాజీ గారి ఖులా మాటకు వద్దాం. ఖులాకు మూలం ఖురాన్ రెండో సూరా, దానితో పాటు ఒక హదీసు, అంటే ప్రవక్త మాటల, పనుల కథనం. సాబిత్ ఇబ్న్ ఖైస్ భార్య ప్రవక్త దగ్గరికి వచ్చి, అతని మతంలో, గుణంలో వంక పెట్టను, కానీ కాపురం చేయలేను అంది. మెహర్‌గా, అంటే పెళ్ళికి భర్త ఇచ్చే సొమ్ముగా, తీసుకున్న తోట తిరిగి ఇస్తావా అని ప్రవక్త అడిగారు. ఇస్తానంది. తోట తీసుకుని ఆమెను వదిలేయమని సాబిత్‌తో చెప్పారు. "నీకు ఇష్టమేనా" అని సాబిత్‌ను అడిగినట్టు ఆ హదీసులో నాకు కనబడదు. భర్త ఒప్పుకోవాలన్నది తర్వాతి కాలపు ఫకీహ్‌ల (ఫిఖ్హ్ పండితుల) అభిప్రాయం. బలమైన అభిప్రాయమే, కానీ అభిప్రాయం. పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1967లో, ఈజిప్టు చట్టం 2000లో, కేరళ హైకోర్టు 2021లో భర్త సమ్మతి లేకుండానే ఖులా చెల్లుతుందన్నాయి. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు కూడా అదే చెప్పింది. ముఫ్తీ దగ్గర ఖులానామా తీసుకోవడం తప్పనిసరి కాదని, ఆయన మాట సలహా మాత్రమేనని కూడా అంది. మీది ఆంధ్ర కాబట్టి మీ దగ్గరి కోర్టు ఆ తీర్పుకు కట్టుబడి తీరాలని లేదు, కానీ వకీలు దాన్ని చూపించవచ్చు.

మూడు తలాక్‌ల గొడవ మీకు తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్క విడ్డూరం చెబుతాను. ప్రవక్త కాలంలో, అబూబకర్ కాలంలో, ఉమర్ పాలన మొదటి రెండేళ్ళలో ఒకేసారి చెప్పిన మూడింటినీ ఒకటిగానే లెక్కపెట్టేవారని సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. జనం దుర్వినియోగం చేస్తున్నారని ఉమర్ కఠినంగా మూడుగా లెక్కించారు. అంటే మనవాళ్ళు మార్చకూడదని పట్టుబట్టిందే ఒక మార్పు! పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ తైమియా అనే పండితుడు దాన్ని ఒకటిగానే లెక్కించాలని జైలుకు వెళ్ళాడు. ఈజిప్టు 1929లో ఆయన మాటే చట్టం చేసింది. మన సుప్రీంకోర్టుకు 2017 ఆగస్టు 22 దాకా పట్టింది, అదీ ముగ్గురికి ఇద్దరు తేడాతో. ముగ్గురిలో ఒకరైన జస్టిస్ కురియన్ జోసెఫ్ ఖురాన్ ఆయతులనే ఆధారం చేసుకున్నారు. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు జస్టిస్ అబ్దుల్ నజీర్, తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్ అయ్యారు. 2019లో దీనికి మూడేళ్ళ దాకా జైలు శిక్ష పెట్టారు. అది నాకు నచ్చలేదు. మొగుణ్ణి లోపల వేస్తే నెలఖర్చు ఎవరిస్తారో ఆ చట్టం రాసినవాళ్ళు ఆలోచించినట్టు లేదు.

ఇంత ఉన్నా ఎందుకు ఇంత నెమ్మది అంటారు. సున్నీలకు పోప్ లేడు. ఆపేవాడూ లేడు, "ఇక నుంచి ఇలా" అని ఒక్క సంతకంతో తేల్చేవాడూ లేడు. ట్యునీసియాలో పాలకుడు బూర్గీబా 1956లో రెండో పెళ్ళిని నిషేధించాడు. భార్యల మధ్య న్యాయం చేయలేమని భయపడితే ఒక్కరే చాలని ఒక ఆయతు, ఎంత కోరుకున్నా న్యాయం చేయలేరని ఇంకో ఆయతు, రెండూ కలిపి చదవండి అన్నారు. నాకు ఆ చదువు నచ్చుతుంది. కానీ నియంత తెచ్చిన సంస్కరణ నియంత ముఖంతోనే గుర్తుంటుంది. అదే దేశంలో 2018లో ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా బిల్లు పెడితే ముందుకు పోలేదు. అఫ్ఘానిస్తాన్‌లో 2021 తర్వాత హైస్కూలు ఆడపిల్లలకు మూసేశారు. ముందుకు వెళ్ళిన బండి వెనక్కీ వస్తుంది.

మన దేశంలో ఇంకో చిక్కు. షాబానో, మొగుడు వదిలేస్తే భరణం కోసం కోర్టుకెళ్ళిన 62 ఏళ్ళ మనిషి. హైకోర్టు ఆమెకు నెలకు ఖరారు చేసింది 179 రూపాయల 20 పైసలు. 1985 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేస్తూ మతం గురించి, ఉమ్మడి పౌరస్మృతి గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పింది. అంతే, భరణం కేసు కాస్తా "మన మీద దాడి" అయిపోయింది. లక్షల మంది రోడ్డెక్కారు. చివరికి ఆ ముసలావిడ చేతే తీర్పు వద్దనిపించారు. బయటివాళ్ళు వేలు చూపించి "మారండి" అన్న కొద్దీ లోపలివాళ్ళు తలుపు గడియ పెట్టుకుంటారు. మీ ఫ్రెండ్ మాటకు మీకు కోపం వచ్చింది చూడండి, అచ్చం అలాగే. ఆపా కష్టం మరిచిపోయి మతం పరువు కాపాడే పనిలో పడ్డారు. తప్పు పట్టడం లేదు, నేనూ పడ్డాను చాలాసార్లు. అయితే షాబానో పోగొట్టుకున్నది మెల్లగా తిరిగి వచ్చింది. 2024 జూలై 10న సుప్రీంకోర్టు విడాకులు పొందిన ముస్లిం మహిళకు సాధారణ చట్టం కింద భరణం అడిగే హక్కు ఉందని మళ్ళీ తేల్చింది. అది తెలంగాణ నుంచి వెళ్ళిన కేసే, ఆ భర్త పదివేలు ఇవ్వనని అంతదూరం వెళ్ళాడు.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అబ్బా ఏమన్నారో ఉంది, ఖాజీ గారు ఏమన్నారో ఉంది, లంచ్ టేబుల్ మీద ఏం జరిగిందో ఉంది. ఆపా ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆమె విడిపోవాలనుకుంటోందా, అతను తిరిగి వస్తాడని చూస్తోందా, ముందు పాప ఫీజుకు డబ్బు కావాలా? ఈ ఆదివారం ఊరెళ్ళి, అబ్బా లేనప్పుడు కూర్చుని అడగండి.

విడిపోతానంటే ఖులా కోసం ఖాజీ గారి చుట్టూ తిరగక్కర్లేదు. ఖులాలో మామూలుగా మెహర్ వదులుకోవాలి. మీ బావ మూడేళ్ళుగా పోషించలేదు. 1939 చట్టం కింద రెండేళ్ళ పోషణ లేకపోతే చాలు, కోర్టు పెళ్ళి రద్దు చేయవచ్చు, మెహర్ హక్కు కూడా పోదు. థానవీ గారు కదిలించిన చట్టమని అబ్బాకు చెబితే ఆయన మనసు కొంచెం కుదుటపడవచ్చు. డబ్బు రాలేదని చూపించడానికి ఆపా బ్యాంకు పాస్‌బుక్ సరిపోతుంది, అన్నగారితో నడిచిన వాట్సాప్ మాటలు చెరిపేయకండి. విడిపోకపోయినా తనకూ పాపకూ భరణం అడగవచ్చు. వకీలు ఫీజు టెన్షన్ అక్కర్లేదు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నేను వకీలును కాను కాబట్టి కువైట్‌కు నోటీసు ఎలా పంపాలో వాళ్ళనే అడగండి.

నికానామా దగ్గర పెట్టుకోండి, మెహర్ ఎంతో అందులోనే ఉంటుంది. కనబడకపోతే ఖాజీ గారి దఫ్తర్‌లో నకలు అడగండి. దానికి బావ ఒప్పుకోవాలనరు లెండి.